లింగప్ప పొలిమేర

బొగ్గు కుళ్లదు. ఇనుము తుప్పు పడుతుంది, కర్రను చెద తింటుంది, మనిషి సంగతి సరేసరి. బొగ్గు మాత్రం వందేళ్లు మట్టిలో ఉన్నా బొగ్గుగానే బయటికొస్తుంది. అందుకే పాతకాలం వాళ్లు ఊరి పొలిమేర రాయి పాతేటప్పుడు గుంతలో ముందు గంపెడు బొగ్గులు పోసి, వాటిమీద రాయి నిలబెట్టేవాళ్లు. రాయిని ఎవడైనా జరపగలడు. కింద సాక్షి ఉన్నాడని ఆ జరిపేవాడికి తట్టదు కదా! ముప్పై నాలుగేళ్లు సర్వే గొలుసు లాగినవాణ్ణి, ఈ మాట ఎంతమంది కుర్ర సర్వేయర్లకు చెప్పి మీసం తిప్పానో లెక్కలేదు. ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఒక ఊళ్లో ఆ సాక్షినే జరిపినవాణ్ణి నేను.

నా పేరు హిదాయతుల్లా. పెనుకొండలో దర్గాకు వెనక వీధిలో ఇల్లు. రిటైరయ్యాక నా పని పొద్దున పేపరు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం మా ఆవిడ హసీనాబీతో తిట్లు. అంతే. కూతురు షహీన్ తొలికాన్పుకు వచ్చి ఇంట్లో ఉంది. తొమ్మిదో నెల. హిందూపురం డాక్టరమ్మ రోజులు దగ్గరపడ్డాయని చెప్పింది.

మొన్న ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, సరిగ్గా నా కునుకు వేళకు, స్కూటీ మీద ఒక పిల్ల వచ్చి దిగింది. వీపున పెద్ద సంచి, చేతిలో చుట్టిన కాగితాలు.

"హిదాయతుల్లా తాత మీరేనా? నా పేరు ధరణి. మాది ధర్మవరం. ఉలవగుట్టకు సర్వేయర్‌గా వచ్చినా. ఉలవగుట్టకూ ఎర్రదిన్నెపల్లికీ నడుమ మూల రాయి ఎనభై ఎనిమిదిలో మీరు పెట్టిందే గదా?"

నిద్రమత్తు దిగిపోయింది. ఉలవగుట్ట పేరు నా ఎదురుగా ఎవరైనా పలికి చాలా ఏళ్లయింది. ఆ దారిన పోయే బస్సు కూడా ఎక్కేవాణ్ణి కాదు.

"ఎన్నో రాళ్లు పెట్టినాను పాపా. యాడ గుర్తుంటాయి?" అన్నాను.

ఆ పిల్ల ఊరుకునే రకం కాదు. మా చాప మీదే కూర్చుని కాగితాలు పరిచింది. భూములన్నీ మళ్లీ కొలుస్తున్నారు కదా, ముందు ఊరి పొలిమేర తేలాలి, ఆ తర్వాతే లోపలి పొలాలు. ఇంగ్లీషువాళ్ల నాటి గ్రామ పటం, గుడ్డకు అంటించింది, ఎక్కడో బీరువా అడుగున దొరికిందట. దాని ఫోటోను, ఈమధ్య డ్రోను తీసిన ఫోటో మీద పరిచి చూపించింది. పాత పటంలో నీళ్లు పొర్లే కుంట మరవ ఉంది, ఏనుగుగుండు ఉంది, కూలిన బురుజు ఉంది. మూడూ ఇప్పటి ఫోటోలో ఉన్నచోటే సరిగ్గా కూర్చున్నాయి.

"మూడూ కుదిరినాయి తాతా. మూల రాయి ఒకటే కుదర్లా. పటంలో మూల పైన గుట్ట మెడకాడ ఉండాది. మీ రాయి కింద కంపచెట్లకాడ ఉండాది. యాభై రెండు మీటర్లు తేడా. ఆ రెండిటి నడుమ ఏముండాదో తెలుసునా? ఊటబావి."

తెలియకపోవడమా!  అరచేతులు లుంగీకి తుడుచుకున్నాను.

"పాత గుడ్డ పటం పాపా అది. వానకు ముడుచుకుంటాది, ఎండకు సాగుతాది. దాన్ని పట్టుకోని ఊగులాడొద్దు."

"ముడుచుకుంటే అంతా ముడుచుకోవాల గదా తాతా? ఒక్క మూల ఎట్ల ముడుచుకుంటాది?"

 షహీన్ ఆయాసపడుతూ టీ తెచ్చి ఇచ్చింది. ఆ పిల్ల టీ తాగుతూ తీరిగ్గా చెప్పింది: ఎల్లుండి పొద్దున పది గంటలకు రెండూళ్ల వాళ్లనూ పిలిపించి రెండు చోట్లా తవ్విస్తుందట. ఆనాడు ఉన్న సర్కారు మనుషుల్లో బతికున్నది నేనొక్కణ్ణేనట. నేను వచ్చి చూసి సంతకం పెట్టాలట.

"ఆ ఊర్లో లింగప్ప పెండ్లాం ఒకామె ఉండాది, పెద్దక్క అంటారు. 'ఆ గొలుసు సాయిబు వస్తాడా?' అని రెండుసార్లు అడిగింది తాతా నన్ను," అని చెప్పి స్కూటీ ఎక్కింది.

ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇక జరిగింది చెప్పేస్తాను. దాచి లాభం లేదు.

ఎనభై ఎనిమిదిలో నాకు ఇరవై ఎనిమిదేళ్లు. టెంపరరీ గొలుసు మనిషిని. పర్మనెంట్ కాగితం పై ఆఫీసులో కదులుతూ ఉండేది. కరువు కాలం. ఊటబావి మాదంటే మాదని రెండూళ్లు కర్రలు తీశాయి. పొలిమేర రాయి ఎక్కడుందో ఎవరికీ కనబడలేదు. మా సర్వేయర్ సార్ ఎండకు తట్టుకోలేక కంపచెట్లలో నిలబడి ఉన్న ఒక రాయి చూసి, రెండూళ్ల ఎదుటే "ఇదే" అనేశాడు. స్కెచ్ గీసి పైకి పంపేశాడు. ఉలవగుట్టవాళ్లు గోల పెట్టారు. సరే, ఎల్లుండి కింద తవ్వి బొగ్గు చూపిస్తామన్నాడు.

మర్నాడు నేను గుట్ట మెడ దగ్గరికి పోయాను. తంగేడు పొదలో మొండి రాయి విరిగి ఉంది. గీకి చూస్తే కింద బొగ్గు. పరిగెత్తి సార్‌కు చెప్పాను. ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది.

"స్కెచ్ పైకి పోయిందప్పా. ఇప్పుడు మారిస్తే నా ఉద్యోగం పోతాది. నీ పర్మనెంటూ పోతాది. బొగ్గు నా రాయి కింద ఉండాల. నేనేమీ చెప్పలా, నువ్వేమీ వినలా," అని టీ తాగడానికి పోయాడు.

భయం. అంతకుమించి ఇంకే పేరూ లేదు దానికి. తవ్వే రోజు తెల్లవారుతుండగా వెళ్లి ఆ బొగ్గంతా తువ్వాల్లో మూటగట్టి, మూడు దఫాలు మోసి, కింది రాయి వెనకవైపు నుంచి బొరియ తీసి కూరాను. పైగుంత మట్టితో పూడ్చి, మొండి రాయిని వాగులో పడేశాను. చేతులు మోచేతుల దాకా నల్లగా అయ్యాయి. గుట్ట కింద మొదటి ఇంట్లో నీళ్లడిగాను. చంకలో చంటిపిల్లతో ఒక పడుచుపిల్ల చెంబు తెచ్చి నా చేతుల మీద పోసింది. ఏమీ అడగలేదు. ఆమే పెద్దక్క. ఆ ఇల్లు లింగప్పది.

లింగప్ప వాళ్లది పొలిమేర తొక్కే ఇల్లు. ఆ పక్క ఊళ్లలో పాత ఆచారం ఒకటుండేది. తగవు వస్తే ఆ ఇంటి మగవాడు ఊటలో మునిగి, తడిబట్టతో, నెత్తిన పొలిమేర మట్టిగడ్డ పెట్టుకుని, "అబద్ధం తొక్కితే నా వంశం నిలవకూడదు" అని రెండూళ్లూ వినేట్టు చెప్పి నడుస్తాడు. అతని కాలు ఆగిన చోటే పొలిమేర. ఆరోజు లింగప్ప మరవ దగ్గర మొదలుపెట్టి, ఊటబావి దాటి, గుట్ట మెడ దగ్గర సరిగ్గా నేను తవ్విన చోటికి వచ్చి ఆగాడు. తవ్వారు. రెండడుగుల దాకా మట్టి తప్ప ఏమీ లేదు. కింది రాయి దగ్గర తవ్వారు. బొగ్గు.

లింగప్ప తలమీది మట్టి దించడం కూడా మరిచిపోయి అలాగే నిలబడ్డాడు. నావైపు చూడలేదు. ఎవరివైపూ చూడలేదు.

ఊట ఎర్రదిన్నెపల్లికి పోయింది. ఉలవగుట్టవాళ్లు ఊట పోగొట్టినవాడని వాళ్ల మనిషినే వెలేసినట్టు చూశారు. ఆ ఏడే చంకలోని పిల్ల జ్వరమొచ్చి పోయింది. పొలిమేరమ్మ అబద్ధానికి బదులు తీసుకుందన్నారు. ఆరేళ్లకు లింగప్పా పోయాడు. రెండూళ్లలోనూ ఒక సామెత మాత్రం మిగిలింది. ఎవడైనా బొంకితే "చాల్లే, లింగప్ప పొలిమేర చెప్పొద్దు" అంటారు. నేను పర్మనెంట్ అయ్యాను.

మాకు పొలిమేర దేవతలేమిటని నోటితో అంటాను. నమాజు చేసేవాణ్ణి. కానీ నిజం తొక్కినవాడి పిల్లే పోతే, అబద్ధం పాతినవాడి ఇంట్లో ఏం జరగాలి? ముప్పై ఆరేళ్లు ఏమీ జరగలేదు. జరగకపోవడమే నన్ను ఇంకా భయపెట్టింది. బాకీ ఎక్కడో నిలబడి నా కోసం చూస్తోందనిపించేది. ఇప్పుడు షహీన్ పొట్ట చేత్తో పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడుస్తుంటే నా చూపు ఆమె వెంటే తిరిగేది. ఆమె మెట్టు దిగితే నేను లేచి నిలబడేవాణ్ణి.

"ఏమైంది నీకు? దయ్యం పట్టినట్టుండావు," అంది హసీనాబీ.

"ఏమీ లేదు లేవే," అని కసిరాను.

పోకపోతే అనుమానం వస్తుంది. పోయి, గుర్తులేదని చెప్పి, సంతకం పెట్టి వచ్చేద్దామనుకున్నాను. ముసలివాడికి మతిమరుపు రావడం నేరం కాదు కదా. ఆ ధైర్యంతోనే బస్సెక్కాను.

గుట్ట దగ్గరికి పోయేసరికి రెండూళ్ల జనం. ఉలవగుట్టవాళ్లు ఒకపక్క, ఎర్రదిన్నెవాళ్లు ఒకపక్క, నడుమ ధరణి. ఆమె చేతిలో నిలువెత్తు కర్ర, కొనకు పుట్టగొడుగులాంటి తెల్ల డబ్బా. నేను గొలుసు లాగి లాగి భుజం అరిగిపోయిన చోట ఆ పిల్ల ఆ కర్ర నిలబెట్టి బొత్తాం నొక్కితే చాలు. అయినా తల ఎత్తలేకపోయాను. ఎందుకంటే పెద్దక్క ఉంది. అరవై దాటింది. ఎండలో, ఒక రాయి మీద, పక్కన ఇత్తడి చెంబు పెట్టుకుని కూర్చుంది. నా ముఖం చూడలేదు. నా చేతులు చూసింది.

చేతులు వెనక్కు పెట్టుకున్నాను.

పాత పటం చెప్పిన చోట ధరణి మేకు కొట్టింది. సరిగ్గా అక్కడే. నూటపదేళ్ల కిందటి గుడ్డ ముక్క గజం తప్పలేదు. ఇద్దరు కుర్రాళ్లు గడ్డపారలతో తవ్వారు. అడుగు. రెండడుగులు. ఎర్రమట్టి, గరుసు. బొగ్గు లేదు.

ఎర్రదిన్నెపల్లి పెద్ద వీరభద్రయ్య పడీపడీ నవ్వాడు. "చూసుకున్నారా? మళ్లీ అదే లింగప్ప పొలిమేర!"

వాళ్ల జనమంతా నవ్వారు. ఉలవగుట్టవాళ్లలో కూడా ఒకరిద్దరు నవ్వారు. పెద్దక్క మాత్రం చెంబు మీద చెయ్యి పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఆ నవ్వు ఆమెకు కొత్త కాదని నాకప్పుడు తెలిసింది. ముప్పై ఆరేళ్లుగా అలవాటైన నవ్వు అది.

కింది రాయి దగ్గర తవ్వారు. అడుగున్నరకే బొగ్గు. నల్లగా, నిగనిగలాడుతూ, నిన్న పోసినట్టు. చెప్పాను కదా, కుళ్లదు.

ధరణి ముఖం వాడిపోయింది. "పటమే తప్పేమో," అని గొణిగింది. "బొగ్గుకు మించిన సాక్ష్యం లేదని మా ట్రైనింగులో కూడా చెప్పినారు." కాగితం తీసి కింది రాయినే మూలగా రాసింది. అట్ట కింద పెట్టి నా ముందుకు చాపింది. "తాతా, ఈడ సంతకం. ఇది పడితే ఇంక మారదు. కంప్యూటర్లో సీలు అయిపోతాది."

పెన్ను తీసుకున్నాను. అప్పుడు జేబులో ఫోను మోగింది. తీసి చూస్తే హసీనాబీ.  పట్టపగలు నేను ఊరిమీద ఉంటే ఆమె ఎప్పుడూ ఫోను చేయదు. షహీన్! అంతే, ఇంకేమీ తోచలేదు. బాకీ వచ్చి తలుపు కొట్టింది అనుకున్నాను. ఎత్తడానికి ధైర్యం లేదు. మోగి మోగి ఆగిపోయింది. పెన్ను అట్ట మీద పెట్టేశాను.

"నేను పెట్టను," అన్నాను.  "ఆ బొగ్గు ఈ రాతిది కాదు. పైనుంచి తీసి ఈడ పెట్టింది నేను. లింగప్ప నిజం తొక్కినాడు."

 అందరూ ఒక్కసారే మాట్లాడారు. వీరభద్రయ్య నా మీదికి వచ్చాడు.

"ఏమప్పా సాయిబూ, ఎండ నెత్తికెక్కిందా? ఇన్నేండ్లు యాడ పండుకున్నావు? ఎవరు చెప్పించినారు నీతో?"

"ఎవరూ చెప్పించలా. భయపడి పెట్టినా. ఇప్పుడు గూడా భయపడే చెప్తాండా."

"నోటి మాట ఎవరికి కావాల? నిజమైతే తొక్కు! మట్టి నెత్తిన పెట్టుకోని తొక్కు చూద్దాం!"

ఎగతాళికే అన్నాడు. కానీ జనం పట్టుకున్నారు. తొక్కమను, తొక్కమను అని రెండు పక్కలా కేకలు. ధరణి అడ్డం వచ్చింది. "తాతా, వద్దు. ఈ వయసులో ఏందిది?" అంది. నేను వినలేదు. ఊటబావి దిగి మునిగాను. మాఘమాసపు నీళ్లు ఎముకల్లోకి దిగాయి. తడి తువ్వాలు కప్పుకుని మట్టిగడ్డ నెత్తిన పెట్టుకున్నాను. ఆ మాట చెప్పాలి.  నిజమే చెప్పబోతున్నాను, అయినా భయం పోలేదు. ఎత్తని ఫోను ఒడ్డున చొక్కా జేబులో ఉంది.

"అబద్ధం తొక్కితే," అన్నాను. ఆగిపోయాను. షహీన్ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నడవడం కళ్లముందు కనబడింది. "అబద్ధం తొక్కితే నా వంశం నిలవకూడదు."

నడిచాను. మరవ నుంచి మొదలుపెట్టి, ఊట పక్కగా, గుట్ట మెడకు. లింగప్ప ఎట్లా నడిచాడో అట్లాగే. తడిమట్టి కరిగి కళ్లలోకి కారుతోంది. ఆ ఉత్త గుంత దగ్గర ఆగాను.

"బొగ్గు లేదు గదప్పా ఈడ!" అన్నాడు వీరభద్రయ్య.

"బొగ్గు తీసినా. బొగ్గు కింద ముంత ఒకటుండాది, బోర్లించి పెట్టింది. దాన్ని ముట్టుకునేదానికి నాకు ధైర్యం చాల్లా. ఇంకో అడుగు తవ్వండి."

తవ్వారు. గడ్డపార టక్కుమంది. కుర్రవాడు వంగి చేతులతో మట్టి తోశాడు. మట్టిముంత. బోర్లించి ఉంది, పగుళ్లు కూడా లేవు. దాన్ని ఎత్తితే కింద ఖాళీ, చుట్టూ నల్లటి మసి గీత. ఎవరూ నవ్వలేదు. వీరభద్రయ్య తువ్వాలు దులుపుకుని, "కోర్టులో చూసుకుందాం," అని గొణుగుతూ దిగిపోయాడు.

పరుగున పోయి ఫోను అందుకున్నాను. తడి వేళ్లతో రెండుసార్లు తప్పు నొక్కాను.

"ఏమైంది? షహీన్‌కు ఏమైంది?"

"ఏమైతాది? నిమ్మకాయలు కావాలంట. వచ్చేటప్పుడు తీసకరా. ఫోను ఎందుకెత్తలా నువ్వు?" అని హసీనాబీ కేకలేసింది.

ఊట ఒడ్డునే కూలబడి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. నిమ్మకాయలు! తల్లీ, నిమ్మకాయలు!

తేరుకుని చూస్తే పెద్దక్క నా ముందు నిలబడి ఉంది.

"పెద్దక్కా," అన్నాను. 

"నాకు తెలుసు సాయిబూ. ఆ పొద్దు వాళ్లు రాయి కింద తవ్వకముందే నీ చేతులకు మసి ఉండె. నేనే గదా నీళ్లు పోసింది. మధ్యాన్నం బొగ్గు బయటపడినాంక నాకు తెలిసిపోయింది. మా ఆయప్పకు చెప్పినా. సర్కారు మనిషి మీద ఆడదాని మాట ఎవరు వింటారే అన్నాడు. పిల్ల పోయినప్పుడు గూడా చెప్పినా. అందరికీ చెప్పినా. ఎవరూ వినలా."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే తేలికగా ఉండేది నాకు.

"యాడనుంచి తీసినావో ఆడ పెట్టు. నువ్వే పెట్టు. ఒక్క ముక్క మిగలకూడదు."

కుర్రాళ్లు సాయం రాబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. అరవై నాలుగేళ్ల వయసులో, ఆ తడి తువ్వాల్లోనే, మూడు దఫాలు మోశాను.  గుంతలో పోసి, పైన కొత్త రాయి నిలబెట్టించాను. ధరణి తన కర్ర తెచ్చి రాయి పక్కన నిలిపి, పాత కాగితం చింపేసి కొత్తది రాసింది. ఈ చోటును ఊళ్లో ఏమంటారు, పేరు రాయాలి అంది. అందరూ పెద్దక్కను చూశారు. ఆమె కొత్త రాయినే చూస్తూ ఉంది. చివరికి, ఇందాక నవ్విన ఉలవగుట్ట మనిషే తల దించుకుని, "లింగప్ప పొలిమేర అని రాసుకోమ్మా," అన్నాడు.

పెద్దక్క ఇత్తడి చెంబు తీసుకుని వచ్చింది. నిండా నీళ్లు. నా చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. నేను వంగి రెండు చేతులూ చాపాను.

ఆమె ఆ నీళ్లు రాయి మొదట్లో పోసింది. ఆఖరి చుక్క దాకా పోసి చెంబు బోర్లించింది.

"నీకు ఆ పొద్దే పోసినా గదా సాయిబూ," అంది.

అలాగే బస్సెక్కాను. పక్కన కూర్చున్నాయన నా చేతులు చూసి జరిగి కూర్చున్నాడు. పెనుకొండలో దిగి అరడజను నిమ్మకాయలు కొన్నాను. ఇంటికి పోయి ఇస్తే, ఒక్కొక్క కాయ మీదా నల్లగా నా వేళ్లున్నాయని షహీన్ నవ్వి, కడగడానికి కొళాయి దగ్గరికి పోయింది.